పెద్ద శుక్రవారం శోకం

1898 ఫిబ్రవరి 23, విభూది బుధవారం. సన్నలంక.

ఇది చదువుతున్న నువ్వు దొంగవి. ఇంకొకడి పెట్టె తెరిచి ఇంకొకడి డైరీ చదివేవాణ్ణి ఏమనాలి మరి? పోనీ, అది చిన్న దొంగతనం. పెద్దది చెప్తాను విను. ప్రతి ఆదివారం గుడిలో మోకరించి, ముక్క అర్థం కాని లతీను ప్రార్థనకు నువ్వు "ఆమెన్" అంటున్నావు. తెలియని కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే కరణాన్ని నాలుగు ప్రశ్నలు అడుగుతావే, తెలియని మాట కింద ఆత్మను ఎలా రాసిచ్చావు? దేవుడి ఎదుటే అబద్ధమాడుతున్నావు. నీ పిల్లల చేతా ఆడిస్తున్నావు. పైగా అర్థం అడిగినవాణ్ణి పట్టుకుని "రాజమండ్రి పోయి లూథరు వాళ్ళలో కలవరాదూ" అని వెక్కిరిస్తావు.

ఈ మాటలు నేను కరపత్రాలు వేసి పంచాను. పత్రికలకు రాశాను. పాత స్వామివారి మొహం మీదే అన్నాను. ఆయన నన్ను గుడి మెట్లు దింపేశారు. నేను మళ్ళీ ఎక్కాను. నాది మొండి కంఠం, కాలవ లాకుల దగ్గర గుమాస్తా ఉద్యోగం. పడవ వాళ్ళతో రోజూ అరిచి అరిచి ఆ కంఠం ఇంకా గట్టిపడింది.

ఇక ఈరోజు జరిగింది.

క్రిస్మసు తరవాత కొత్తగా వచ్చిన గాబ్రియేలు స్వామి పొద్దున్న నా నుదుట విభూది పెడుతూ "పిమ్మట వరండాలోనికి రమ్ము" అన్నారు. ఆయన తెలుగు నేర్చింది పుస్తకాల్లో. పోట్లాటకు సిద్ధమై వెళ్ళాను. వాదాలన్నీ వరసగా పేర్చుకున్నాను. ఆయన బల్ల మీద నేను రాసిన ఏడు తెలుగు పాటలున్నాయి, ప్రభువు శ్రమల మీద రాసినవి.

"చదివితిని, ఇన్నాసీ. చక్కగా నున్నవి. పూజలోని లతీను మార్చుటకు నాకు అధికారము లేదు. పూజకు వెలుపల తెలుగు పాడవచ్చును. పెద్ద శుక్రవారము సాయంకాలము ఈ ఏడును పాడించుము. హార్మోనియము తెప్పించెదను."

నా వాదాలన్నీ చేతుల్లోనే ఉండిపోయాయి. మా తాతలు పడవల్లో, బండ్లలో ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి ఎవరూ వినని మాట అది.

"ఒక్క షరతు," అన్నారు ఆయన. "ఆ సాయంకాలము స్త్రీలు చేయు ఏడ్పు ఆగవలెను. జుట్టు విప్పుకొని, రొమ్ము బాదుకొని. నేను వింటిని. అది పూజ కాదు, అనాచారము. కీర్తన, ఏడ్పు, రెండును ఒకే గుడిలో ఇమడవు."

"చిత్తం స్వామీ," అన్నాను.

ఆలోచించే అన్నాను. కొత్తది రావాలంటే పాతది పక్కకు జరగాలి. ఇందులో తప్పేముంది?

అక్కకు ఇంకా చెప్పలేదు.

ఫిబ్రవరి 24

చెప్పలేదు. లాకుల దగ్గర రద్దీ.

ఫిబ్రవరి 27, ఆదివారం

పూజ అయ్యాక స్వామివారే గుడిలో చెప్పేశారు. తెలుగు పాటల సంగతీ, శోకం మానాలన్న సంగతీ. "అనాచారము" అన్న మాట బలిపీఠం మెట్టు మీద నిలబడి అన్నారు.

బయట రాయప్ప ఉపదేశి నా మీద పడ్డాడు. నలభై ఏళ్ళుగా లతీను పాడిస్తున్నవాడు, దాని అర్థం అడిగితే ఆకాశం చూపించేవాడు.

"ఏరా ఇన్నాసీ, దేవుడికి తెలుగు వచ్చని నీకు కబురొచ్చిందా?"

"లతీను వచ్చని నీకెవరు చెప్పారు బాబాయ్?"

"నేను పాడితే వింటున్నాడు కదరా!"

"నీ గొంతుకి జడిసి ఊరుకుంటున్నాడేమో."

జనం నవ్వారు. రాయప్ప కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. మగవాళ్ళంతా ఇలా తెలుగు, లతీను అని కొట్టుకుంటుంటే ఆడవాళ్ళు ఒక్క మాట అనకుండా ముసుగులు సర్దుకుని వెళ్ళిపోయారు. అక్క వాళ్ళ ముందు నడిచింది.

ఇంటికొచ్చాను. మా అక్క సంపూర్ణమ్మ, నన్ను చంకనేసుకు పెంచిన మనిషి, పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"నీకు ముందే తెల్సా తమ్ముడూ?"

"తెలుసు."

"మరి చెప్పలేదేంటి?"

"చెప్పే తీరిక లేదు."

"ఆయ్," అంది. గరిటె కడిగింది. కడిగినదాన్నే మళ్ళీ కడిగింది. తరవాత అంది: "ఏడాదికి ఒక్కరోజు నేను మా శౌరి దగ్గర కూచుంటాను కదరా. ఆ రోజు కూడా తీసేశావా?"

నేను జవాబు చెప్పాను. మంచి జవాబే. క్రమశిక్షణ, నాగరికత, దేవుడికి తగిన గౌరవం అని. బాగా చెప్పాను.

దొంగా, నీకు మా సంగతి తెలియదు కనక రాస్తున్నాను. మా తాతలు గుంటూరు వైపు నుంచి ధవళేశ్వరం ఆనకట్టకు రాళ్ళు మొయ్యడానికి వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. వస్తూ వస్తూ బండిలో గడ్డి పరిచి ఒక కొయ్య ప్రభువును తెచ్చారు. నిలువెత్తు మనిషంత ఉంటాడు. భుజాల దగ్గర తోలు కీళ్ళు. పెద్ద శుక్రవారం సిలువ మీంచి దించి చేతులు మడిచి నులకమంచం మీద పడుకోబెడతారు. అప్పుడు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని, ఇంట్లో శవానికి శోకం పెట్టినట్టే పెడతారు.

ప్రభువు కోసమే అనుకుంటారు కొత్తవాళ్ళు. ప్రభువు కోసం కొంత. మా వాళ్ళలో శవం లేని ఇంట్లో శోకం పెట్టకూడదు. పెడితే ఎక్కడో బతికున్నవాడికి కీడని భయం. ఇప్పుడు లంకలన్నిట్లోంచీ మగపిల్లలు కాకినాడలో స్టీమరెక్కి రంగం పోతున్నారు, బర్మాలో బియ్యం మిల్లుల పనికి. కొందరు తిరిగొస్తారు. కొందరి కబురు వస్తుంది. శవం ఎవరిదీ రాదు. అలాంటి ఇళ్ళవాళ్ళు పెద్ద శుక్రవారం దాకా పళ్ళ బిగువున ఉండి, ఆ రోజు ఆ కొయ్య శరీరం మీద పడి తమవాళ్ళను ఏడుస్తారు.

శౌరి మా అక్క కొడుకు. మూడేళ్ళ కిందట రంగంలో కలరాతో పోయాడని వాడితో కూడా వెళ్ళినవాడు వచ్చి చెప్పాడు. ఎక్కడ పూడ్చారో చెప్పలేకపోయాడు. ఆ రోజు ఇంట్లో అక్క ఒక్క చుక్క రాల్చలేదు. పీట వేసి ఆ కబురు తెచ్చినవాడికి అన్నం పెట్టింది.

మార్చి 6, ఆదివారం

హార్మోనియం వచ్చింది! కాకినాడ నుంచి పడవలో, గోనెలు చుట్టి. మా లాకుల్లోంచే వచ్చింది. తలుపులు మూసి, నీళ్ళు నింపి, ఆ పడవను నేనే పైకి లేపాను. లాకులో పడవ లేవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఇవాళ మాత్రం నోరు తెరుచుకుని నిలబడ్డాను. చప్పుడు లేకుండా, తెడ్డు వెయ్యకుండా, అంత బరువూ నీటి మీద దానంతటది లేచింది. పడవ సరంగు పెద్దిరాజు అడిగాడు:

"ఏంటి గుమాస్తాగారూ, కొత్తగా చూస్తన్నారు?"

"పెట్టెలో ఏముందో తెలుసా?"

"పాటల పెట్టంటండి. నా గుర్రు దాంట్లో పడిందేమో, ఓసారి నొక్కి చూడండి."

మార్చి 12

ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు. మూడో పాట పాడుతుంటే అక్క గుడి అరుగు మీద కూర్చుని మొత్తం వింది. ఇంటికి వచ్చాక అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఎలా ఉందక్కా?"

"బాగుందిరా. మాటలన్నీ తెలుస్తన్నాయి."

నా గుండె పొంగింది.

"కానీ అది నువ్వే మొదలెట్టి నువ్వే ముగించేశావు. నేనెక్కడ దూరాలి అందులో?"

"పాటలో దూరడమేంటి? పాట పాడాలి."

"ఆయ్," అంది.

ఆ "ఆయ్" కంటే తిట్లు నయం.

మార్చి 19, జోజప్పగారి పండుగ

ఇవాళ, ఈ గుడిలో, తెలుగు పాడారు.

మచ్చుకు ఒక్కటే పాడించమన్నారు స్వామివారు, పూజ అయ్యాక. హార్మోనియం ఊపిరి తీసింది. పిల్లలు ఎత్తుకున్నారు. "నీ పాదాల దుమ్ము మా ఊరి దుమ్మే తండ్రీ" అన్న మొదటి మాటకు వెనక వరసలో కూర్చున్న పాలేరు ముసలాడు గతుక్కుమని తల ఎత్తాడు, ఎవరో తనను పేరు పెట్టి పిలిచినట్టు. అలా ఒక్కొక్క తలా లేచింది. ఇన్నేళ్ళూ వంగి ఉన్న తలలు. ఎవరూ దగ్గలేదు. చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు. గోడలు కొత్తగా సున్నం వేసినట్టు కనపడ్డాయి నాకు.

నేను రాసిన మాటలే. అయినా అవి పిల్లల నోట్లోంచి వచ్చి కప్పు దాకా పోయి తిరిగి నా మీద పడుతుంటే, ఎవరివో అనిపించింది. భయం వేసింది. మంచి భయం. ముసలి పాలేరు బయటకు వచ్చి నా చెయ్యి పట్టుకుని "బాబూ, ఇన్నాళ్ళూ ఆయన దొరలతోనే మాట్లాడతాడనుకున్నాను" అన్నాడు.

నేను చెప్పింది నిజం. చెప్పింది నిజమే అని ఇంకోసారి రాస్తున్నాను, ఎవరూ చెరపకుండా.

అక్క గుడికి వచ్చింది. తల ఎత్తిందో లేదో చూడలేదు.

మార్చి 25

అక్క మాట్లాడడం మానలేదు. అన్నం పెడుతోంది, పలకరిస్తోంది. అదే బాధ. పోట్లాడితే గెలిచేవాణ్ణి.

ఏప్రిల్ 1, శుక్రవారం

ఆడవాళ్ళు గుంపుగా స్వామివారి వరండాకు వచ్చారు. ముందు అక్క, పక్కన అచ్చాయమ్మ. అచ్చాయమ్మ మొగుడు రంగం మిల్లులో బస్తాల కింద పడి పోయాడు. స్వామివారికి మన ఆడవాళ్ళ మాట అందదు. పుస్తకంలో ఎవరూ అంత వేగంగా మాట్లాడరు కదా. నన్ను పిలిపించారు. వాళ్ళు తెలుగులో చెప్పడం, నేను ఇంగ్లీషులోకి మార్చడం.

అచ్చాయమ్మ అందుకుంది. ఊపిరి తియ్యకుండా చెప్పింది. మొగుణ్ణి గురించి, వాడు రంగం పోయేముందు సంచిలో తాను కట్టిచ్చిన మినపసున్ని గురించి, ఆ మంచం దగ్గర తప్ప తనకు ఏడవడానికి గజం జాగా లేదని, ఇంట్లో ఏడిస్తే అత్తగారు "పిల్లలకి కీడే" అని నోరు నొక్కుతుందని. చెప్పి చెప్పి కొంగుతో మొహం తుడుచుకుంది.

నేను స్వామివారితో ఇంగ్లీషులో అన్నాను: వీరు పాత అలవాటును కొనసాగించమని కోరుతున్నారు.

అచ్చాయమ్మకు ఇంగ్లీషు రాదు. లెక్క వచ్చు.

"అదేంటి అన్నయ్యా, నేను గంపెడు చెప్తే నువ్వు గుప్పెడు చెప్పావు? మిగిలింది ఎక్కడ దాచావు?"

"సారం చెప్పానమ్మా."

"సారం తీసేసి పిప్పి నాకిచ్చావా?"

ఆడవాళ్ళు నవ్వారు. అక్క నవ్వలేదు. నా వంక చూసింది. ఆ చూపు గురించి రాయను.

స్వామివారు తల అడ్డంగా ఊపారు. "కీర్తన గాని, ఏడ్పు గాని. ఒకటియే." తెలుగులోనే చెప్పారు. అది మార్చి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఏప్రిల్ 3, మట్టల ఆదివారం

తాటాకు సిలువలు పంచాను. అక్క తనది తీసుకుంది. "ఇంకోటి ఇయ్యిరా" అంది. ఎవరికని అడగలేదు. ఇచ్చాను.

ఏప్రిల్ 7, పెద్ద బేస్తవారం

గుడి గంటలు ఆగిపోయాయి, ఇక ప్రభువు లేచేదాకా మోగవు. కాలవ కూడా కట్టేశారు, ఏటా వేసవి మరమ్మతులకు కట్టేసేదే. నీళ్ళు తగ్గి బురద కనపడుతోంది. ఇన్నాళ్ళూ నీటి కింద ఏముందో తెలుస్తుంది ఈ రోజుల్లో: పగిలిన కుండలు, తెడ్డు ముక్కలు, ఎవరిదో చెప్పు. ఊరంతా చప్పుడు లేదు.

రేపటి క్రమం స్వామివారు చెప్పారు. ప్రభువును దించి మంచం మీద ఉంచాలి. ఏడు పాటలు పాడాలి. చివరి పాట అయిన వెంటనే జనం బయటకు. నేను గుడి తలుపు వెయ్యాలి. తాళం నా చేతికి ఇచ్చారు.

అక్కకు తాళం కనపడింది.

"రేపు తలుపు నువ్వేస్తావా?"

"క్రమం ప్రకారం ఎవరో ఒకరు వెయ్యాలి కదా."

"ఎవరో ఒకరా నువ్వు?"

ఏప్రిల్ 8, పెద్ద శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. మొదలుపెట్టడం తెలియకపోవడం నాకు అలవాటు లేదు.

మూడో జాముకు ప్రభువును దించారు. వడ్రంగులు మేకులు తీశారు. చేతులు భుజాల మీంచి జారి పడ్డాయి, నిజమైన చేతులు పడ్డట్టే. ఎప్పుడూ చూసేదే అయినా ఒక అడుగు వెనక్కు వేశాను. మంచం మీద పడుకోబెట్టి నడుం దాకా తెల్లబట్ట కప్పారు. గుడి నిండా మనుషులు, చెమట, మల్లెపూలు, మైనం వాసన.

ఏడు పాటలు పాడారు. తప్పు పోలేదు. బాగా పాడారు. జనం విన్నారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నా జీవితంలో నేను కోరింది అంతా ఆ సాయంత్రం నా కళ్ళ ముందు జరిగింది. ఇది అబద్ధం కాదు.

ఏడోది ముగిసింది. హార్మోనియం మీద వాయించేవాడి చేతులు లేచాయి. స్వామివారు నా వైపు చూసి తలుపు చూపించారు. మగవాళ్ళు లేచి బయటకు కదిలారు. ఆడవాళ్ళు లేవలేదు. ఏడవనూ లేదు. ఆజ్ఞ మీరలేదు. ఊరికే కూర్చున్నారు, నోళ్ళ మీద కొంగులు పెట్టుకుని.

నేను తలుపు దగ్గరకు వెళ్ళాను. రెక్క మీద చెయ్యి వేశాను. వెనక ఎవరో లేచిన అలికిడి. అక్క. మంచం దగ్గరకు నడిచి కొయ్య పాదాల దగ్గర కూర్చుంది. జుట్టు ముడి విప్పింది. రొమ్ము బాదుకోలేదు, అరవలేదు. చంటివాణ్ణి జోకొట్టే గొంతు ఉంటుందే, ఆ గొంతుతో ఎత్తుకుంది.

స్వామివారు లేచి నిలబడ్డారు. మొహం ఎర్రబడింది. మంచం వైపు రెండడుగులు వేసి, ఏమనుకున్నారో, నన్ను చేత్తో పిలిచారు.

"ఆమె ఏమనుచున్నది?"

"తన కొడుకును తలుచుకుంటోంది స్వామీ," అన్నాను ఇంగ్లీషులో.

"నీ మాట కాదు. ఆమె మాట. ప్రతి మాట."

ప్రతి మాటా మార్చాలంటే ప్రతి మాటా వినాలి. చిన్నప్పటి నుంచీ ఏటా నా చెవిన పడుతున్నదే ఆ శోకం. ఆడవాళ్ళ ఏడుపు అని ఒక పేరు పెట్టి పక్కన పెట్టేశాను. అర్థం, అర్థం అని ఊరంతా గోల పెట్టిన నేను! దాని అర్థం ఇవాళ, నలభై ఏడేళ్ళ వయసులో, ఒక పరదేశి అడిగితే విన్నాను.

ఆమె అంది:

"పడుకో తండ్రీ పడుకో, ఎండన పడి వచ్చావు,
కొయ్య మోసిన భుజానికి కొంగు తడిపి అద్దుతాను.
మీ అమ్మ ఒళ్ళో నువ్వున్నావు, నా ఒడి ఖాళీ తండ్రీ,
నా బిడ్డ తల కింద రాయి ఉందో, మట్టి ఉందో."

మార్చి చెప్పాను. ఆమె ఆగలేదు:

"ఎల్లుండి లేస్తావు నువ్వు, లేవకుండా ఉండవు,
లేచి ముందు ఇటు రాకు, మేం బతికే ఉన్నాము.
సముద్రం మీద నడిచినోడివి, నీకు స్టీమరెందుకు,
నడిచి రంగం పోయిరా, నా కొడుకుని లేపిరా."

ఇక్కడ మార్చడం ఆపేశాను. స్వామివారు నా భుజం పట్టుకుని "ఊఁ" అన్నారు. చెప్పాను. సముద్రం మీద నడిచినవాడికి స్టీమరు ఎందుకని అడుగుతోంది, అన్నాను. ఆయన చెయ్యి నా భుజం మీద బిగిసింది.

"మొద్దు నిద్దర మావాడిది, ఒక్క పిలుపుకి లేవడు,
రెండు సార్లు పిలు తండ్రీ, మూడోసారి తిట్టు.
శౌరీ అంటే పలకడు, బుల్లోడా అంటే పలుకుతాడు.
లేచి నీళ్ళడుగుతాడు, నీ చేత్తో పొయ్యి తండ్రీ."

మా అక్క ఏడవడం లేదు. పని అప్పగిస్తోంది. మూడేళ్ళుగా చచ్చిపోయాడని ఊరంతా అనుకుంటున్నవాణ్ణి నిద్ర లేపడానికి దేవుడికి దారి చెప్తోంది, ఏ పేరు పెట్టి పిలవాలో చెప్తోంది. శౌరి పోయాక ఆ పేరు ఇంట్లో ఎవరమూ ఇంతవరకు ఎత్తలేదు. గుడిలో గాలి మారిపోయినట్టయింది. ఆ మంచం మీద ఉన్నది కొయ్య అని నాకు తెలుసు. తెలిసినా, వింటోందనిపించింది. కదులుతుందేమో అనిపించింది. అటు చూడలేకపోయాను.

తరవాత అచ్చాయమ్మ.

"మా ఇంటాయన్ని చివర్న లేపు, తాగి పడుకున్నోడు,
ముందు లేస్తే అందరి మీదా కేకలేస్తాడు తండ్రీ.
లేచాక చెప్పు, పిల్ల మాటలు నేర్చిందని,
నాన్నా అంటాదని, ఎవర్ని చూసినా అంటాదని."

ఇది చెప్పేసరికి స్వామివారి గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వో, ఇంకేదో. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఒకరి తరవాత ఒకరు. కొడుకును, తమ్ముణ్ణి, మొగుణ్ణి. రంగం అన్నారు, మౌల్మేను అన్నారు, అక్యాబు అన్నారు. ఆ ఊళ్ళు ఒక్కరూ చూడలేదు. అయినా మా ఊరి వీధుల్లా పిలిచారు వాటిని. ఈ చిన్న సున్నం గుడిలో సముద్రం అవతలి దేశమంతా వచ్చి పరుచుకుంది. మధ్యలో ఆ ఒక్క కొయ్య శరీరం అన్ని ఇళ్ళ శవం అయింది. వినేకొద్దీ అది పెద్దదవుతోందనిపించింది నాకు. అలాంటి పాట నేను రాయలేదు. ఇంకెవరూ రాయగా చూడలేదు. ఏటా అప్పటికప్పుడు పుడుతుంది, మళ్ళీ ఏడాది ఇంకో మాట పుడుతుంది. బయటకు పోయిన మగవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడిపోయారు. రాయప్ప బాబాయి తలపాగా తీసి గుండెకు ఆనించుకున్నాడు. అతని తమ్ముడు కూడా రంగంలోనే పోయాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

పొద్దు వాలేదాకా ప్రతి మాటా మార్చి చెప్పాను. ఏదీ దాచలేదు.

చివరికి స్వామివారు మెల్లిగా అడిగారు, "లేపుమని అడుగుచున్నారా? అందరును?"

"అవును స్వామీ."

"అది ఏడ్పు కాదు."

"ఏడుపే స్వామీ. ఏడుస్తూ అడుగుతున్నారు."

ఆయన అన్నారు: "నేను పీఠాధిపతికి వ్రాయవలెను. ఆయన నన్ను కోపించును. నేనిచ్చిన మాట అట్లే ఉన్నది, కీర్తన గాని, ఏడ్పు గాని. నీవేది కోరుదువో రేపు ప్రాతఃకాలము వ్రాసి ఇమ్ము. నీ కోరికనే పంపెదను." మంచం దగ్గరకు వెళ్ళి, మోకరించి, కొయ్య నుదుట చెయ్యి ఆనించి, పక్క తలుపు గుండా వెళ్ళిపోయారు.

గుడి తలుపు నేను వెయ్యలేదు. అక్క లేచి జుట్టు ముడి వేసుకుని, మొహం తుడుచుకుని, గుమ్మం దగ్గర నన్ను దాటుతూ "అన్నం తిన్నావా?" అంది. ఇవాళ ఉపవాసమని ఆమే మర్చిపోయింది.

ఏప్రిల్ 9, పెద్ద శనివారం, పొద్దున్న

కీర్తన గాని, ఏడ్పు గాని. ఒకటి ఎంచుకోమంటున్నారు. జోజప్ప పండుగనాడు లేచిన తలల్ని మళ్ళీ వంచమంటారా? లేక మా అక్క నోరు నొక్కమంటారా? ఎవరు చెప్పారు ఒకే గుడిలో రెండూ ఇమడవని? నిన్న ఇమిడాయి. నేను సాక్షిని, ఆయన సాక్షి. ఎంచుకోను. రెండూ కావాలి. తెలుగు విషయంలో నేను చెప్పింది నిజం, ఒక్క అక్షరం వెనక్కు తీసుకోను. ఆ తెలుగు ఆ మంచం చుట్టూ ముందు నుంచీ ఉంది, అదీ నిజమే. దీనికి నేను చిన్నబుచ్చుకోవాలా? చిన్నబుచ్చుకునే తీరిక లేదు. రాయాల్సింది ఉంది.

అక్క ఇంకా నిద్ర లేవలేదు, సన్నగా గుర్రు పెడుతోంది. ఇంత పొద్దెక్కేదాకా ఆమె పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. చప్పుడు చెయ్యకుండా రాస్తున్నాను. వినయంగా రాయాలని రెండు కాగితాలు చింపాను. ఇదిగో, వినయం లేకుండా:

గాబ్రియేలు స్వామివారికీ, వారి ద్వారా పీఠాధిపతిగారికీ, సన్నలంక ఇన్నాసి కోరేవి.

ఒకటి. పెద్ద శుక్రవారం శోకం ఏటా జరగాలి. ఆడవాళ్ళు తమంతట తాము లేచేదాకా గుడి తలుపు ఎవరూ వెయ్యకూడదు.

రెండు. తెలుగు పాటలు ఆగకూడదు. ఏడూ పాడాలి, ఆ తరవాత శోకం. లేదా శోకం తరవాత ఏడూ. ఆ వరస ఆడవాళ్ళే చెప్పాలి, నేను కాదు.

మూడు. "అనాచారము" అన్న మాటను ఏ మెట్టు మీద అన్నారో ఆ మెట్టు మీదే వెనక్కు తీసుకోవాలి, ఆదివారం, అందరూ ఉన్నప్పుడు.

నాలుగు. లతీను పూజ మార్చలేకపోతే మార్చకండి. పూజకు ముందు దాని అర్థం తెలుగులో చదివి వినిపించండి. ఇది పాత కోరికే, మళ్ళీ కోరుతున్నాను.

అయిదు. రంగంలో పోయినవాళ్ళకు మా శ్మశానంలో ఒక సిలువ నిలపాలి. పేర్లు చెక్కించాలి. ఇంట్లో పిలిచే పేర్లు కూడా.

ఆరు. రంగంలో ఉన్న మన స్వాములకు జాబు రాయాలి. మూడేళ్ళ కిందట కలరాలో పోయిన శౌరిని ఎక్కడ పూడ్చారో కనుక్కోవాలి. జవాబు రాకపోతే మళ్ళీ రాయాలి. వచ్చేదాకా రాయాలి.